నడిసముద్రంలో కరెంటు పోతే

గాలివాన మొదలైతే మన ఏజెన్సీ ప్రాంతంలోని జైనూర్ చుట్టుపక్కల ఊళ్లలో కరెంటు పోవడం కొత్తేమీ కాదు. ఎక్కడో అడవిలో టేకు కొమ్మ విరిగి తీగల మీద పడుతుంది, సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ దానంతటదే ట్రిప్పవుతుంది. జనం విసుక్కుంటారు, లైన్‌మన్‌కు ఫోన్ చేస్తారు, ఫోన్ లైటు వెలుతురులో అన్నం తింటారు. నిజానికి ఆ చీకటి మన మేలుకే. తెగిపడిన తీగలో కరెంటు అలాగే ఉంటే పొద్దున చేనుకు వెళ్లే మనిషో ఎద్దో దాన్ని తొక్కి ప్రాణం పోగొట్టుకోవాల్సిందే. తేడా వస్తే ముందు సరఫరా ఆపెయ్యాలి, కారణం తర్వాత వెతుక్కోవాలి. నేల మీద కరెంటు భద్రత అంతా ఈ ఒక్క నియమం మీదే నడుస్తుంది.

ఓడ ఎక్కగానే ఈ నియమం తలకిందులవుతుంది. అక్కడ కరెంటు పోవడమే అసలు ప్రమాదం.

2024 మార్చి 26న, అర్ధరాత్రి దాటాక, అమెరికాలోని బాల్టిమోర్ రేవు నుంచి ‘డాలీ’ అనే కంటెయినర్ ఓడ బయల్దేరింది. పొడవు దాదాపు 300 మీటర్లు. సిబ్బందిలో అత్యధికులు భారతీయులే. ముందున్న వంతెన ఇంకా మూడు ఓడల పొడవంత దూరంలో ఉందనగా ఓడలో దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. నిమిషం లోపే వెలిగాయి. కాసేపటికి మళ్లీ ఆరిపోయాయి. మొదటి చీకటి నుంచి నాలుగు నిమిషాలు తిరిగేసరికి ఓడ వెళ్లి ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభాన్ని గుద్దింది. 1977 నుంచి నిలబడ్డ వంతెన క్షణాల్లో నీళ్లలో పడింది. ఆ వేళ దాని మీద రోడ్డు మరమ్మతు చేస్తున్న కూలీల్లో ఆరుగురు చనిపోయారు.

అమెరికా రవాణా భద్రతా బోర్డు ఏడాదిన్నరకు పైగా విచారించి 2025 నవంబర్‌లో కారణం తేల్చింది. కంట్రోల్ సర్క్యూట్‌లో ఒక సన్నని తీగ టెర్మినల్ బ్లాకులో పూర్తిగా కూర్చోలేదు. కూర్చోకపోవడానికి కారణం ఆ తీగకు గుర్తు కోసం తొడిగిన లేబుల్. అది కొసకు మరీ దగ్గరగా ఉండడంతో తీగ లోపలికి దూరలేదు, స్ప్రింగు క్లాంపు దాన్ని గట్టిగా పట్టుకోలేదు. ఒక దశలో సంబంధం తెగింది, బ్రేకర్ తెరుచుకుంది, ఓడ చీకటైంది. రెండోసారి పోవడానికి కారణం వేరు. జనరేటర్లకు డీజిల్ అందించడానికి అసలు పంపులకు బదులు ఫ్లషింగ్ పంపును వాడుతున్నారు. కరెంటు తిరిగి వచ్చినా ఆ పంపు దానంతటది మొదలు కాదు. డీజిల్ ఒత్తిడి పడిపోయి జనరేటర్లు ఆగిపోయాయి.

దాదాపు లక్ష టన్నుల ఓడ, వందల కోట్ల సరుకు, ఒక వంతెన, ఆరు ప్రాణాలు. వీటన్నిటికీ మూలం వేలెడు లేబుల్ ముక్క. తీగను క్లాంపులో పెట్టాక వేళ్లతో ఒకసారి లాగి చూస్తే బయటపడే లోపం అది. అలా లాగి చూడడమే ఓడ ఎలక్ట్రీషియన్ పని. ఆ పని గురించి మనవైపు మాట్లాడుకోవడం తక్కువ. జైనూర్‌కు సముద్రం ఎంత దూరమో ఈ వృత్తీ అంతే దూరం అనుకుంటాం. కానీ బోరు మోటారు స్టార్టర్ విప్పి బాగుచేయగల కుర్రాడికి ఓడలోని కరెంటు సగం తెలిసినట్టే. మిగతా సగమే తిరకాసు.

తిరకాసు ఎర్త్‌తోనే మొదలవుతుంది. ఎర్త్ అంటే మన రైతుకు బాగా తెలుసు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ నింపి, ఇనుప పైపు దించుతారు. ఎండాకాలంలో నేల ఎండిపోతే బిందెడు నీళ్లు పోస్తారు. న్యూట్రల్‌ను ఇలా నేలకు కలిపి ఉంచడం వల్ల, ఏ ఫేజు ఎక్కడ భూమిని తాకినా కరెంటుకు తిరుగుదారి దొరుకుతుంది. ఒక్కసారిగా భారీగా ప్రవహిస్తుంది, ఫ్యూజు పోతుంది, ప్రాణం నిలుస్తుంది.

ఓడలో మట్టి లేదు. చుట్టూ ఉన్న ఓడ ఉక్కు శరీరమే (హల్) నేల. చాలా సరుకు ఓడల్లో 440 వోల్టుల త్రీఫేజ్ సరఫరా ఉంటుంది. దాని న్యూట్రల్‌ను ఆ ఉక్కుకు కలపరు, కావాలనే కలపరు. మోటార్ల బాడీలూ ప్యానెళ్ల పెట్టెలూ మాత్రం హల్‌కు గట్టిగా బిగించే ఉంటాయి. ఇప్పుడు ఒక ఫేజు తీగ ఒరుసుకుపోయి ఉక్కును తాకిందనుకోండి. కరెంటుకు తిరిగి వెళ్లే దారి లేదు. పెద్ద ప్రవాహం లేదు, ఫ్యూజు పోదు, మోటారు తిరుగుతూనే ఉంటుంది. తుపానులో చుక్కాని తిప్పే మోటారు అలా తిరుగుతూనే ఉండాలి మరి! అయితే ఆ ఓడ నెత్తిన కత్తి వేలాడుతున్నట్టే. ఇంకోచోట ఇంకో ఫేజు కూడా ఉక్కును తాకితే ఆ రెంటి మధ్యా నేరుగా షార్ట్ సర్క్యూట్. కాబట్టి మొదటి లోపం నోటీసు లాంటిది, రెండోది వచ్చేలోపు దాన్ని పట్టుకోవాలి.

పట్టుకునే ఉపాయం పాతదే, చూడ ముచ్చటైనదే. మెయిన్ స్విచ్‌బోర్డు మీద మూడు బల్బులు వరుసగా ఉంటాయి. ఒక్కో ఫేజుకూ హల్‌కూ మధ్య ఒక్కోటి. ఒక్కో బల్బు మీద సుమారు 254 వోల్టులు పడుతుంది, మూడూ సమానంగా వెలుగుతాయి. ఏదైనా ఫేజు ఉక్కును తాకితే దాని బల్బు మసకబారుతుంది లేదా ఆరిపోతుంది. మిగతా రెంటి మీద వోల్టేజి 440 దాకా పెరిగి అవి ధగధగలాడతాయి. ఏ ఫేజులో లోపమో ఆ గదిలో అడుగుపెట్టిన క్షణంలోనే తెలిసిపోతుంది. కొత్త ఓడల్లో వీటితోపాటు మెగా ఓముల్లో అంకె చూపే మీటర్లూ, గంట కొట్టే అలారాలూ వచ్చాయి. నా మటుకు నాకు ఆ మూడు బల్బులంత చక్కటి పరికరం ఇంకోటి కనబడదు.

ఏ ఫేజో తెలిసింది, ఎక్కడో తెలియదు. ఓడలో వందలాది సర్క్యూట్లు. ఓడ నడిపే బ్రిడ్జి గదికీ ఇంజిన్ రూముకూ చెప్పి, ఒక్కొక్క బ్రేకర్ దించుతూ బల్బుల వైపు చూస్తారు. ఏది దించినప్పుడు మూడూ సమానమయ్యాయో దొంగ అక్కడే ఉన్నాడు. అనుభవజ్ఞులు మొదట వంటగదికి వెళతారు. పొంగిన పులుసు హాట్‌ప్లేటు కింద చేరుతుంది. ఆ తర్వాత బట్టలుతికే మెషిన్, ఆ తర్వాత డెక్ మీది లైట్లు. డెక్ లైటు జంక్షన్ బాక్సు విప్పితే కథంతా కళ్లముందే ఉంటుంది. రబ్బరు గాస్కెట్ నలిగి చప్పిడైపోయి ఉంటుంది, అడుగున చెంచాడు ఉప్పునీళ్లు, రాగి కొసల మీద ఆకుపచ్చ పొడి. ముందు సరఫరా తీసి తాళం వేసి, టెస్టర్‌తో చూసి, అప్పుడు చేయి పెట్టాలి. మంచినీళ్లతో కడగాలి. ఉప్పు పోకుండా ఎంత ఆరబెట్టినా లాభం లేదు, ఉప్పు గాలిలోని తేమను మళ్లీ లాక్కుంటుంది. ఆరాక కొత్త గాస్కెట్ వేసి, కేబుల్ దూరే చోట గ్లాండు బిగించి, ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్ పెట్టి చూడాలి. ఒక మెగా ఓమ్ కన్నా తక్కువ చూపితే పని అయిపోలేదన్నమాట. ఉప్పునీట మునిగిన మోటారుకూ ఇదే వైద్యం. పదే పదే మంచినీటి స్నానం, సన్నని వేడిలో గంటల తరబడి ఆరబోత, అవసరమైతే వార్నిష్. మన ఊళ్లలో మోటారు వైండింగ్ చేసే మేస్త్రీలకు ఆ వార్నిష్ వాసన చెప్పనక్కర్లేదు.

‘ఆపకూడదు’ అన్న పట్టుదల ఓడ కరెంటులో అడుగడుగునా కనబడుతుంది. నేల మీద మోటారుకు లోడు ఎక్కువైతే ఓవర్‌లోడ్ రిలే దాన్ని ఆపేస్తుంది. చుక్కాని మోటారుకు మాత్రం ఓవర్‌లోడ్ వస్తే అలారం మోగుతుంది, మోటారు ఆగదు. మోటారు కాలిపోయినా సరే, ఓడ దారి తప్పకూడదు. షార్ట్ సర్క్యూట్ అయితేనే తెంచుతారు. జనరేటర్ మీద భారం మించితే ముందు ఏసీలు, వంటగది, గాలి ఫ్యాన్లలో కొన్ని వాటంతటవే ఊడిపోయేలా ఏర్పాటు ఉంటుంది. వంట ఆగితే ఆకలేస్తుంది, అంతే.

అన్నీ పోయాక మిగిలేది ఎమర్జెన్సీ జనరేటర్. సముద్రంలో ప్రాణభద్రత కోసం చేసిన అంతర్జాతీయ సోలాస్ నిబంధనల ప్రకారం అది 45 సెకన్లలోపు దానంతటది మొదలై లోడు అందుకోవాలి. సరుకు ఓడలో అత్యవసర దీపాలను 18 గంటలు, ప్రయాణికుల ఓడలో 36 గంటలు వెలిగించాలి. దాన్ని ఇంజిన్ రూములో పెట్టకూడదు. పూర్తిగా పరుచుకున్న పై డెక్‌కన్నా ఎత్తులో, వేరే గదిలో, సొంత డీజిల్ ట్యాంకుతో పెట్టాలి. ఇంజిన్ రూములో నీళ్లు నిండినా నిప్పంటుకున్నా దానికి ఏమీ కాకూడదు.

ఎత్తులో పెట్టాలన్న ఆలోచన టైటానిక్‌లోనే ఉంది. దానికి 400 కిలోవాట్ల డైనమోలు నాలుగు అడుగున, 30 కిలోవాట్ల అత్యవసర డైనమోలు రెండు నీటి మట్టానికి పైన ఉండేవి. 1912 ఏప్రిల్ 15 తెల్లవారుజామున ఆ ఓడ మునిగేందుకు రెండున్నర గంటలకు పైగా పట్టింది. చివరి నిమిషాల దాకా దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఆ వెలుతురులోనే 700 మందికి పైగా పడవలెక్కి బతికారు. దీపాలు ఆరకుండా చూసిన ఆరుగురు ఎలక్ట్రీషియన్లలో ఒక్కరూ బతకలేదు. సినిమాలో వయొలిన్ వాయించినవాళ్లు గుర్తున్నంతగా వీళ్లు ఎవరికీ గుర్తులేరు.

తెలుగునాట ఈ పని చూడాలంటే విశాఖపట్నం వెళ్లాలి. వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ తరఫున తలపెట్టిన షిప్‌యార్డుకు 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14న జవాహర్‌లాల్ నెహ్రూ అక్కడ తయారైన తొలి ఓడ ‘జలఉష’ను నీటిలోకి దించారు. 1952లో ప్రభుత్వం పెద్ద వాటా తీసుకోవడంతో అది హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది, 2010లో రక్షణ శాఖ కిందికి వెళ్లింది. సిటీ బస్సెక్కి ఆ వైపు టికెట్ అడిగేవాళ్లు మాత్రం ఇప్పటికీ ‘సింధియా’ అనే అంటారు.

యార్డులో ఎలక్ట్రీషియన్ పని ఓడ నీళ్లు చూడకముందే మొదలవుతుంది. హల్ బ్లాకులు అతుకుతుండగానే కేబుల్ ట్రేలు వెల్డింగ్ అవుతాయి, ఆ తర్వాత కేబుళ్లు లాగుతారు. కొచ్చిలో కట్టి 2022 సెప్టెంబర్‌లో నౌకాదళంలో చేర్చిన విమానవాహక నౌక విక్రాంత్‌లో రెండు వేల కిలోమీటర్లకు పైగా కేబుల్ ఉంది. మామూలు ఓడలో అంత ఉండదు గానీ పద్ధతి ఒక్కటే. ఇంటి వైరింగులో అలవాటైన కొన్ని పనులు ఇక్కడ నిషిద్ధం. రెండు తీగలు మెలేసి టేపు చుట్టడం కుదరదు, కేబుల్ మధ్యలో అతుకే ఉండకూడదు. అల్యూమినియం పనికిరాదు. రాగి కూడా ఒకే లావుపాటి తీగగా కాదు, సన్నని పోగులు పేనినదై ఉండాలి, తరచూ తగరం పూత కూడా పూస్తారు. ఇంజిన్ రాత్రింబవళ్లు వణుకుతుంటే ఒంటి తీగ ఎక్కడో ఒకచోట విరుగుతుంది, పోగులు తట్టుకుంటాయి. పైతొడుగు కాలినా విషపు పొగ రాని రకం కావాలి, ఓడలో పొగ తప్పించుకుని పరుగెత్తడానికి చోటు లేదు కదా. కేబుల్ ఒక గది గోడ దాటి ఇంకో గదిలోకి వెళ్లే ప్రతి రంధ్రాన్నీ నీరూ నిప్పూ దాటకుండా రబ్బరు దిమ్మలు బిగించి మూస్తారు. ఒక్క రంధ్రం వదిలేస్తే ఆ గోడ కట్టీ లాభం లేదు.

హిందుస్థాన్ షిప్‌యార్డే కట్టిన ‘నిస్తార్’ 2025 జూలై 18న విశాఖలో నౌకాదళంలో చేరింది. 118 మీటర్ల ఓడ. గజ ఈతగాళ్లను 300 మీటర్ల లోతుకు దించి పని చేయించడం, మునిగిన జలాంతర్గామి నుంచి మనుషులను కాపాడే చిన్న వాహనానికి తల్లి ఓడగా ఉండడం దాని పనులు. డైవర్లు అడుగున ఉండగా ఓడ కదలకూడదు. అంత లోతులో లంగరు మీద ఆధారపడలేరు గనుక చుట్టూ అమర్చిన ప్రొపెల్లర్లను కంప్యూటర్ క్షణక్షణం తిప్పుతూ ఓడను ఒకేచోట నిలిపి ఉంచుతుంది. కరెంటు పోతే ఓడ గాలికీ ప్రవాహానికీ జరిగిపోతుంది. డైవర్‌కు ఊపిరీ వేడీ అందించే గొట్టం ఆ ఓడకే కట్టి ఉంటుంది. ఇలాంటి ఓడలో స్విచ్‌బోర్డును భాగాలుగా విడగొట్టి, ఒక భాగం పోయినా రెండోది ఓడను నిలిపేలా కట్టడం అందుకే.

ఓడ మరమ్మతుకు డ్రై డాక్‌లోకి వచ్చినప్పుడు ఇంకో చిక్కు ఎదురవుతుంది. ఓడ జనరేటర్లకు చల్లబరిచే సముద్రపు నీరు ఉండదు కాబట్టి ఒడ్డు నుంచి కరెంటు తీసుకోవాలి. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సైకిళ్లు, ఓడలో ఎక్కువగా 60. 60 దగ్గర అదే శక్తికి మోటార్లు కాస్త చిన్నవిగా, వేగంగా వస్తాయి గనుక ఓడలవాళ్లు అది ఎంచుకున్నారు. 50 ఇస్తే ప్రతి మోటారూ ఆరో వంతు నెమ్మదిస్తుంది, పైగా వోల్టేజి తగ్గించకపోతే లోపలి ఇనుప కోరులో అయస్కాంత తీవ్రత పెరిగి వేడెక్కుతుంది. దానికన్నా ముందు చూడాల్సింది ఫేజుల వరుస. బోరు మోటారు ఉల్టా తిరిగితే రెండు ఫేజులు మార్చి కలపడం మన రైతుకు తెలిసిన విద్యే. ఇక్కడ వరుస తప్పితే ఓడలోని మోటార్లన్నీ ఒకేసారి ఉల్టా తిరుగుతాయి.

డాక్‌లో హల్‌కు అంటించిన జింకు దిమ్మలు చూస్తే సగం కరిగిపోయి ఉంటాయి. ఉప్పునీటిలో ఉక్కూ, ప్రొపెల్లర్ కంచూ కలిస్తే బ్యాటరీ తయారవుతుంది, ఆ బ్యాటరీలో కరిగేది ఉక్కు. అంతకన్నా త్వరగా కరిగే జింకును పక్కన పెడితే ఉక్కు బతుకుతుంది. ఈ కిటుకు మూలం 1824లో హంఫ్రీ డేవీ చేసిన ప్రయోగాలు. ఆయన బ్రిటిష్ యుద్ధనౌకల రాగి తొడుగును కరగకుండా కాపాడాడు గానీ, రాగి కరగడం మానేసరికి విషం లేక నాచూ గుల్లలూ పేరుకుపోయి ఓడలు నత్తనడక నడిచాయి! ఇప్పటి పెద్ద ఓడల్లో జింకుకు తోడు డీసీ కరెంటును హల్‌కు పంపి తుప్పును ఆపుతారు. ఆ మీటరు అంకెలు రోజూ రాసుకోవడమూ ఎలక్ట్రీషియన్ పనే.

నడిచే ఓడలో అతను తరచూ ఒక్కడే. భారతీయ సిబ్బంది అతన్ని ‘బత్తీ సాబ్’ అంటారు. మాంసం, పండ్లు, మందులు మోసే ఫ్రీజర్ కంటెయినర్లు డెక్ మీద వందల్లో ఉంటే, గాలీ వానా చూడకుండా ఒక్కొక్కదాని ఉష్ణోగ్రత చూసుకుంటూ తిరగాలి. పెద్ద ఓడల్లో 6,600 వోల్టుల సరఫరా కూడా ఉంటుంది, దాని దగ్గర పర్మిట్ కాగితం, తాళం, ఎర్తింగ్ లేకుండా ఎవరూ ప్యానెల్ తెరవరు. ఆయిల్ ట్యాంకర్ అయితే డెక్ మీద మామూలు టార్చిలైటు కూడా నిషిద్ధం, ఒక్క నిప్పురవ్వ చాలు. ఇంత బాధ్యత ఉన్నా చాలా కాలం ఈ ఉద్యోగానికి అంతర్జాతీయ ఒప్పందంలో సొంత హోదా లేదు. 2010లో మనీలాలో చేసిన సవరణలతో ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్ (ఈటీఓ) అనే స్థానం ఏర్పడింది, 2012 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. డాలీ ఉదంతం చూశాక, అది చాలా ఆలస్యంగా వచ్చిన గుర్తింపనే అంటాను.

కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లే కుర్రాళ్లలో ఎలక్ట్రీషియన్ పని తెలిసినవాళ్లకు కొదవ లేదు. జైనూర్, ఉట్నూర్ ఏజెన్సీ పిల్లలూ ఐటీఐల్లో ఇదే ట్రేడ్ చదువుతున్నారు. వాళ్లకు ఓడ పనిలోకి రెండు దారులున్నాయి. ఐటీఐ వాళ్లు విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులోనూ, నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూలులోనూ అప్రెంటిస్ ప్రకటనలు గమనిస్తూ ఉండాలి. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్‌లలో డిప్లొమా గానీ ఇంజనీరింగ్ గానీ చదివినవాళ్లు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఆమోదించిన ఈటీఓ కోర్సు చేసి ఓడ ఎక్కవచ్చు. రంగులు సరిగా గుర్తుపట్టలేనివాళ్లను వైద్య పరీక్షలోనే ఆపేస్తారు కాబట్టి ఫీజు కట్టకముందే కళ్లు చూపించుకోవడం మంచిది. ఇక ‘లక్షలిస్తే ఓడ ఎక్కిస్తాం’ అనే ఏజెంట్ల మాట నమ్మవద్దు. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి నుంచి డబ్బు తీసుకోవడం మన దేశంలో చట్టవిరుద్ధం. నావికులను పంపే సంస్థకు ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు నంబరు ఉండి తీరాలి. ఆ నంబరు అడగండి, డైరెక్టరేట్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి, దొరకకపోతే పాస్‌పోర్టు వాళ్ల చేతికి ఇవ్వకండి.